నలభై మందికి ఒకే నడక

మీరే చేశారు. యూనివర్సిటీ ప్రొఫెసర్ గారూ, కంపెనీ మేనేజర్ గారూ, మా ఆస్పత్రి సూపరింటెండెంట్ గారూ, మీ ముగ్గురూ కలిసే చేశారు. మా అక్క కుంటినడక తీసుకెళ్ళి నలభై మందికి తగిలించారు. వాళ్ళలో ఒక్కరు కూడా అలా కుంటాల్సినవాళ్ళు కాదు. ఇదేదో కోపంలో అంటున్న మాట కాదు, జరిగిన సంగతి. ఎలా జరిగిందో నాకే సగం అర్థమయింది. ఆ సగమైనా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను. మిగతా సగం మీరు చెప్పాలి.

నేనెవరో ముందు చెబుతాను. ఆస్పత్రి నేలమాళిగలో, బట్టలుతికే గదికీ జనరేటరుకీ మధ్య, కృత్రిమ కాళ్ళు చేసే గది ఒకటుంది. ముప్ఫై ఏళ్ళుగా అందులో నేను కాళ్ళు చేస్తున్నాను. చదివింది ఎనిమిదో తరగతి. పని నేర్పింది మా మేనమామ, ఆయన వడ్రంగి. ఆస్పత్రిలో అందరూ నన్ను కాళ్ళక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను.

మోకాలి కింద కాలు పోయినవాళ్ళకి మేం చేసేదాంట్లో రెండు భాగాలుంటాయి. పైన గిన్నె. మిగిలిన కాలు అందులో కూర్చుంటుంది. కింద పాదం. కాలు తగిలించి పంపేస్తే పని అయిపోయినట్టు కాదు. మనిషిని మూడు రోజులు నడిపించి, వెనకనుంచి చూసి, అప్పుడు ఆకురాయి పట్టుకుని పాదాన్ని మడమ దగ్గర అరగదీయాలి. ఒకరికి లోపలివైపు, ఒకరికి బయటివైపు, ఒకరికి అసలు అక్కర్లేదు. ఎంత తీశామో గిన్నెలో తోలుపొర కింద పెన్సిలుతో గీతలు పెట్టాలి. ఇది మా మామయ్య పద్ధతి. "రిజిస్టరు పోతుందే పిల్లా, కాలు మాత్రం మనిషిని వదిలి ఎక్కడికి పోతుంది?" అనేవాడు. ఆ గీతలు చదవగలిగింది ఆయన ఒకడు, ఇప్పుడు నేనొక్కదాన్ని.

మా అక్క అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. పదకొండేళ్ళ క్రితం ప్రెస్సు మీద పడి ఎడమకాలు పోయింది. కాలొక్కటే పోయుంటే బాగుండేది. తుంటి ఎముక కూడా విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని ఆమె పాదానికి మడమ బయటివైపు ఎత్తు పెట్టి, వేళ్ళు పక్కకి తిప్పాను. ఆ ఏటవాలు మా అక్క తుంటికి తప్ప లోకంలో ఇంకెవరికీ పనికిరాదు. దాంతో కూడా ఆమె కుంటుతుంది, కాకపోతే నొప్పి లేకుండా కుంటుతుంది. ఒక అడుగు సాఫీగా పడుతుంది. రెండో అడుగుకి పాదం బయటికి ఊగి, భుజం చిన్నగా ఎగురుతుంది, ఎవరో వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు. ఆ నడకని చీకట్లో చప్పుడు విని కూడా గుర్తుపట్టగలను.

ఇక సంగతికొస్తాను.

ఈ నెల మొదట్లో ఒకరోజు ఉదయం ఆస్పత్రి వరండాలో వెళ్తుంటే ముందు మా అక్క నడుస్తోంది. అదే అడుగు, అదే ఊగు, అదే భుజం. గొడుగేసుకున్నట్టు ఏదో పెద్ద కోటు వేసుకుంది. వెనకనుంచి వెళ్ళి వీపు మీద ఒక్కటి చరిచాను.

"ఏమే అక్కా, వస్తున్నట్టు చెప్పనైనా చెప్పలేదేం?"

అక్క వెనక్కి తిరిగింది. అక్కకి బుర్రమీసాలున్నాయి.

"నేను అక్కనేంటమ్మా?" అన్నాడాయన బిత్తరపోయి. "పోస్టుమాన్ని."

"వెనకనుంచి మా అక్కలా ఉంటేనూ..."

"ముందునుంచి మా నాన్నలా ఉంటానంటారు. వెనక సంగతి ఇవాళే తెలిసింది," అని నవ్వి వెళ్ళిపోయాడు, భుజం ఎగరేసుకుంటూ.

సరే, కళ్ళు మసకబారాయనుకున్నాను. రెండు రోజుల తర్వాత బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఒక టీచరమ్మ రోడ్డు దాటుతోంది. అదే నడక. నాలుగో రోజు సందు చివర ఒక ముసలాయన, ఈసారి కుడికాలు. అద్దంలో మా అక్కని చూసినట్టుంది. దయ్యమంటే నమ్మను కాబట్టి ఆ దారి కూడా లేదు.

ఇంటికెళ్ళి అక్కతో చెప్పాను. ఆవిడ కాలు తీసి పక్కన పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"పొద్దస్తమానం కాళ్ళు చూసీ చూసీ నీకు మతి పోయిందే," అంది.

"లేదే. ముగ్గుర్ని చూశాను."

"అయితే నా నడక ఫ్యాషనయి ఉంటుంది. మన మొహం నచ్చకపోయినా నడకైనా జనానికి నచ్చింది, సంతోషించు." కాయలు పక్కకి నెట్టి నా మొహం చూసింది. "ఏడుస్తున్నావేంటే?"

ఏడవలేదు. కానీ భయమేసింది.

వారం తిరక్కుండా ఆ పోస్టుమాన్ మా గదికొచ్చాడు. నడుం పట్టుకుని వచ్చాడు. ఆస్పత్రి పై అంతస్తులో ఈ కొత్తరకం కాలు ఇచ్చి రెండు నెలలయిందిట. చెక్కపాదం కన్నా తేలికట, వానలో తడిసినా ఉబ్బదుట, ఆ విషయంలో దండం పెట్టచ్చుట. కానీ మొదటి నెలలో నడుం, రెండో నెలలో రెండో మోకాలు మొదలయ్యాయిట.

"శుక్రవారం నాకు నడక పరీక్షక్కా," అన్నాడు. "గంటలో నాలుగు కిలోమీటర్లు నడిచి చూపించాలి. చూపిస్తే నా వీధులు నాకిస్తారు."

"లేకపోతే కూర్చోబెట్టి స్టాంపులమ్మిస్తారు. హాయిగా కూర్చో."

"ఆ కుర్చీలో ఆల్రెడీ ఒకడున్నాడు. లేవడు. లేకపోతే అంటే ఇంటికే. ఇరవై రెండేళ్ళు తిరిగానక్కా ఆ వీధులు. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏది ఊరికే మొరుగుతుందో నాకు తెలుసు. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ కరుస్తుంది."

నవ్వాను గానీ చెయ్యి పాదం మీదికి పోయింది. విప్పి బల్ల మీద పెట్టి, బొటనవేలితో మడమ తడిమాను. నల్లగా, నున్నగా, కంపెనీ ముద్రతో మెరిసిపోతున్న పాదం. బయటివైపు ఎత్తు. వేళ్ళు పక్కకి. ఆ ఎత్తు దగ్గరే చిన్న గాటు. పదకొండేళ్ళ క్రితం అక్క పాదం అరగదీస్తుంటే ఆకురాయి జారి పడిన గాటు అది. నా చేతి పొరపాటు. దాన్ని కూడా పోత పోశారు.

పోస్టుమాన్ నా మొహం చూసి, "ఏంటక్కా, పగిలిందా?" అన్నాడు.

"ఇది మా అక్క కాలు," అన్నాను.

ఆయన తన కాలు వంకా నా వంకా మార్చి మార్చి చూసి, మర్యాదగా, "ఆవిడకి కావాలంటే ఇచ్చేస్తానమ్మా," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట సూపరింటెండెంట్ గారు కిందికి మనిషిని పంపారు. యూనివర్సిటీవాళ్ళూ ఒక కంపెనీవాళ్ళూ మన ఆస్పత్రితో కలిసి కొత్తరకం పాదం తయారు చేస్తారట, అన్నిటికన్నా ఎక్కువకాలం మన్నిన పాదం ఒకటి నమూనాకి కావాలట. ఎక్కువకాలం మన్నింది అక్కదే. అప్పటికి తొమ్మిదేళ్ళలో ఒక్క చీలిక లేదు. ఎందుకు మన్నిందంటే ఆమె తుంటికి అంగుళం అంగుళం సరిపోయింది కాబట్టి. ఆ ఎందుకు అన్నది ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. గర్వంతో గుండె ఇంత చేసుకుని గిన్నెతో సహా నా చేత్తోనే ఇచ్చాను. కాగితం మీద సంతకం కూడా పెట్టాను. అక్క వారం రోజులు చంకకర్రలతోనూ, ఆ పైన నేను హడావిడిగా చేసిచ్చిన కాలుతోనూ నన్ను తిడుతూ తిరిగింది. తర్వాత కొత్త అచ్చులో మొదటి పాదం ఆవిడకే బహుమతిగా ఇచ్చారు, అదేమో అతికినట్టు సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది? "చూశావా, యూనివర్సిటీ అంటే యూనివర్సిటీయే!" అని వీధంతా చెప్పుకుంది. పాత కాలేమో యూనివర్సిటీ గుమ్మంలో గాజుపెట్టెలో పెట్టారు.

తిన్నగా సూపరింటెండెంట్ గారి దగ్గరికెళ్ళాను. ఆయన సగం విని, "డిజైను మనది కాదమ్మా, యూనివర్సిటీది. మంగళవారం మీటింగుంది, నువ్వూ రా, నీక్కూడా నేర్చుకున్నట్టుంటుంది," అన్నారు.

వెళ్ళాను. అద్దాల గది. పొడుగు బల్ల చుట్టూ ముగ్గురూ, ముగ్గురి మనుషులూ. నాకు చివర్లో కుర్చీ. గోడ మీద పెద్ద తెర. ప్రొఫెసర్ గారు మాట్లాడుతున్నారు. విద్యాసంస్థ, పరిశ్రమ, వైద్యరంగం చేయీ చేయీ కలిపితే కొత్త ఆలోచనలు పుడతాయన్నారు. ఆ మాట నాకు నచ్చింది, నిజంగానే నచ్చింది. తర్వాత తెర మీద పుల్లబొమ్మలు నడవడం మొదలుపెట్టాయి. నలభై మందికి ఒంటి మీద చుక్కలంటించి నడిపించి, ఆ చుక్కల్ని గీతలతో కలిపితే వచ్చిన బొమ్మలట. కుడికాలివాళ్ళవి అద్దంలోలా తిప్పి, నలభై బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టారు. నలభైయీ ఒక్కటైపోయాయి. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

"గమనించండి. వయసు వేరు, బరువు వేరు, ఎత్తు వేరు. నడక మాత్రం ఒక్కటే. ఇంత సమానత్వం మనం ఊహించలేదు," అన్నారు ప్రొఫెసర్ గారు.

చప్పట్లు. పుల్లబొమ్మ నడుస్తూనే ఉంది. ఒక అడుగు సాఫీగా. రెండో అడుగుకి పాదం ఊగి, భుజం ఎగిరి.

లేచి నిలబడ్డాను. "అయ్యా, అది మా అక్క."

ప్రొఫెసర్ గారు నా వైపు తిరిగారు.

"ఎవరమ్మా?"

"ఆ బొమ్మ."

"మీ అక్కగారు ఈ నలభై మందిలో ఉన్నారా?"

"లేదండీ. ఈ నలభై మందీ మా అక్కలో ఉన్నారు."

నాకే తెలుసు, అది పిచ్చిదాని మాటలా ఉంది. తుంటి గురించి చెప్పాను, ఎత్తు గురించి చెప్పాను, గాటు గురించి చెప్పాను. వరస తప్పింది. ముందు చెప్పాల్సింది వెనక చెప్పాను. వాళ్ళ మొహాల్లో కోపం లేదు. అదే ఉంటే బాగుండేది. జాలి ఉంది.

కంపెనీ మేనేజర్ మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "డ్రాయింగులో ఎలా ఉంటే అచ్చు అలాగే పోశామండీ. మిల్లీమీటరులో పదో వంతు కూడా తేడా రాదు," అన్నాడు.

"డ్రాయింగు నమూనాని బట్టి వేశాం. నమూనా ఆస్పత్రి ధ్రువీకరించి ఇచ్చింది," అన్నారు ప్రొఫెసర్.

"ధ్రువీకరించింది మా సాంకేతిక విభాగం," అన్నారు సూపరింటెండెంట్.

మా సాంకేతిక విభాగం అంటే ఏమిటో, ఎక్కడుందో అని నేను కూడా అటూ ఇటూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి అంటారే, ఆ రోజు మెడ నుంచి దిగీ దిగీ చివరికి నా కాలి దగ్గర ఆగింది. కాగితం మీద నా సంతకమే ఉంది మరి. అంటే ఈ నలభై మందినీ కుంటిచేసింది నేనేనా? ఆ ప్రశ్న పట్టుకునే బయటికొచ్చాను.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు. మీటింగులో ఒక మూల కూర్చున్న లెక్చరర్ అమ్మాయి. యూనివర్సిటీలో చిన్న మేడం అంటారట. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కళ్ళజోడు కోసం సంచిలో వెతుక్కునే రకం.

"అక్కా, ఒక్క మాట. ఆ పాత కాలు గిన్నెలో తోలు కింద పెన్సిలు గీతలుండేవి కదా?"

"నీకెలా తెలుసు?"

ఆ పిల్ల తల దించుకుంది. "స్కానింగుకి ముందు నేనే శుభ్రం చేశాను. మురికి అనుకున్నాను. స్పిరిటు పెట్టి తుడిచేశాను."

ఆ ముగ్గురి మాటలూ విన్నాక "నేనే" అన్న మాట వినడం అదే మొదటిసారి.

"ఆ గీతలకి అర్థం ఏంటక్కా?"

"ఈ పాదం ఇంకెవరికీ పెట్టకండని," అన్నాను.

పాదంలో మార్పు చెయ్యాలంటే ముగ్గురి సంతకాలూ కావాలట. ఒక్కొక్కరూ మిగతా ఇద్దరూ పెట్టాక పెడతారట. మళ్ళీ మీటింగు వచ్చే నెల. పోస్టుమాన్ పరీక్ష శుక్రవారం. బుధవారం ఉదయం నేనే ఆయన పాదాన్ని బిగించి ఆకురాయి పెట్టాను. జారిపోయింది. గాజు మీద గీసినట్టు కీచుమంది గానీ రవ్వంత ఊడలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆ నల్లటి సరుకు ముందు ఎందుకూ కొరగాలేదు. అది ఏంటో, ఎలా వంగుతుందో నాకు తెలియదు. చిన్న మేడంకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నానికి వచ్చింది, వేడిగాలి ఊదే యంత్రమొకటి చంకలో పెట్టుకుని. అక్క కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు. "నా నడక వీడెలా నడుస్తున్నాడో చూస్తాను," అని స్టూలెక్కి కూర్చుంది.

"ఏమయ్యా, నా నడక నీకేం అచ్చిరాలేదా?" అని అడిగింది పోస్టుమాన్ని.

"అందంగా ఉందమ్మా. నాకు మోసే శక్తి లేదంతే."

చిన్న మేడం చెప్పింది: డెబ్బై డిగ్రీలు దాటితే గానీ వంగదు, ఎనభై దాటితే పనికిరాకుండా పోతుంది. మధ్యలో ఉన్న ఆ పది డిగ్రీల్లోనే పని కానివ్వాలి. ఆమె వేడి చూస్తూ ఊదింది, నేను బట్ట చుట్టుకుని వంచాను. మొదటిసారి ఎక్కువ వంచాను. పోస్టుమాన్ వరండాలో నడిస్తే భుజం రెండో వైపు పడింది.

"మూడు మిల్లీమీటర్లు తగ్గించాలక్కా," అంది మేడం, ఫోనులో వీడియో ఆపి కొలిచి.

"రెండు. మూడైతే మోకాలు పోతుంది."

"లెక్క మూడు చూపిస్తోంది."

"లెక్కని నడవమను."

"అయితే మీరు కూడా కళ్ళు మూసుకుని చెప్పకండి, చూసి చెప్పండి!" అని అరిచింది ఆ పిల్ల. నా గదిలో నా మీద అరిచినవాళ్ళు మా మామయ్య తర్వాత ఎవరూ లేరు.

మళ్ళీ చూశాను. ఆమె చెప్పిన మూడు ముందు వేళ్ళ దగ్గర సరి. నేను చెప్పిన రెండు మడమ దగ్గర సరి. ఇద్దరం వేరే వేరే చోట్ల గురించి పోట్లాడుకుంటున్నాం. మళ్ళీ వేడి చేశాం, వంచాం, చల్లార్చాం.

మూడోసారి పోస్టుమాన్ వరండా చివరిదాకా వెళ్ళాడు. అంతకుముందు రెండుసార్లూ నేల చూస్తూ నడిచాడు. ఈసారి తలెత్తాడు. పక్కనున్న తలుపుల మీద నంబర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ నడిచాడు. చివరికెళ్ళాక వెనక్కి తిరగాలన్నది మరిచిపోయి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"వీడెవడో నాకు తెలియదు," అంది మా అక్క.

శుక్రవారం యాభై ఆరు నిమిషాల్లో నడిచాడట. సాయంత్రం ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

శనివారం మెమోలు వచ్చాయి. నాకొకటి, చిన్న మేడంకొకటి. ప్రయోగంలో ఉన్న వస్తువుని అనుమతి లేకుండా పాడు చేశామట. మళ్ళీ కొలిచినప్పుడు తేడా దొరికి, పోస్టుమాన్ని లెక్కలోంచి తీసేశారు. ఆయన నడక మిగతావాళ్ళతో కలవడం లేదట. ఆయన్ని తీసేశాక ముప్ఫై తొమ్మిది బొమ్మలూ ఇంకా బాగా కలిశాయట. ఆ ఉత్సాహంతోనే సోమవారం నుంచి నాలుగు వందల పాదాలు పోత పోస్తారట.

ఇక్కడే నాకు బుర్ర పనిచెయ్యడం మానేసింది. మీరు దుర్మార్గులు కారు. ప్రొఫెసర్ గారూ, మీరు కనిపెట్టిన ఆ నల్లటి సరుకు బంగారం. నేను వందేళ్ళు బతికినా దాన్ని చెయ్యలేను. మేనేజర్ గారూ, మీరు నిజంగానే పదో వంతు తేడా లేకుండా పోశారు. సూపరింటెండెంట్ గారు తలుపు తియ్యకపోతే ఇదంతా మొదలే కాదు. నేను కూడా మంచి మనసుతోనే నా చేతుల్లో ఉన్న అన్నిటికన్నా మంచి కాలు ఇచ్చాను. నలుగురం మన మన పని ఒక్క తప్పు లేకుండా చేశాం. నలభై మంది నడుములు పోతున్నాయి. దీనికి లెక్క చెప్పగలిగిన శాస్త్రమేదైనా మీ దగ్గరుంటే నాక్కూడా నేర్పండి. నాకు తెలిసిందొకటే. ఆ బుధవారం మధ్యాహ్నం నా గదిలో యూనివర్సిటీ ఉంది, పని ఉంది, కాలు వేసుకునే మనిషి ఉన్నాడు, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర అరుచుకున్నారు. మీ అద్దాల గదిలో మూడో మనిషికి కుర్చీ లేదు.

మెమోకి జవాబు మూడు రోజుల్లో ఇవ్వమన్నారు. ఇదే నా జవాబు. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి, ఆకురాయి నా సొంతం. కానీ ముందు ఆ ముప్ఫై తొమ్మిది మందికీ ఇవాళే కబురు పెట్టండి. వాళ్ళని లెక్క కోసం కాదు, కాలు సరిచెయ్యడానికి పిలవండి. చిన్న మేడం మెమో వెనక్కి తీసుకుని, ఆమెని వేడిగాలి యంత్రంతో సహా వారానికి రెండు రోజులు మా నేలమాళిగకి పంపండి. గీతలు చదవడం ఆమెకి నేర్పుతాను, ఆమె వాటిని మీ కంప్యూటరుకి నేర్పుకుంటుంది. వచ్చే మీటింగులో బల్లకి ఈ చివర పోస్టుమాన్ని, టీచరమ్మని, ఆ ముసలాయన్ని కూర్చోబెట్టండి. వాళ్ళు లేచి గదిలో నడిచి చూపించాకే సంతకాలు పెట్టండి.

ఇవన్నీ తర్వాత. ఇవాళ శనివారం. మీ చేతుల్లో ఒక్క ఆదివారమే ఉంది. సోమవారం పొద్దున్న ఆ అచ్చులో ఒక్క చుక్క పొయ్యకండి. అచ్చు ఆపండి.